ఊదని సీటీ

మా పరుగుల గుంపులో ఒక నియమం ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరూ పరుగెత్తకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి ఆదివారమే ఆ మాట చెబుతారు, ఎందుకో కూడా చెబుతారు. ఒకప్పుడు మాకు కెప్టెన్‌గా ఉన్నతను ఇయర్‌ఫోన్ పెట్టుకుని పరుగెత్తాడట. వెనక ఆపదలో ఊదిన సీటీ, అదే విజిల్, అతనికి వినపడలేదట. ఒక పెద్దాయన ప్రాణం మీదికి వచ్చిందట. ఈ కథలో కెప్టెన్ ఇయర్‌ఫోన్ నిజం, పెద్దాయన నిజం. సీటీ మాత్రం అబద్ధం. దాన్ని ఎవరూ ఊదలేదు. ఊదాల్సినవాణ్ణి నేను.

ఆదివారం తెల్లవారకముందే మేం చార్మినార్ దగ్గర కలుస్తాం. ఆ వేళకు దుకాణాల షట్టర్లన్నీ మూసి ఉంటాయి. ఆ రోడ్డు నిజానికి ఎంత వెడల్పో అప్పుడే తెలుస్తుంది. అక్కణ్ణుంచి శాలిబండ, ఫలక్‌నుమా బ్రిడ్జి, చాంద్రాయణగుట్ట, బార్కస్ దాటి ఊరు పలచబడేదాకా పోయి వెనక్కి వస్తాం. ఉప్పుగూడ నుంచి వచ్చేవాళ్ళం ఇద్దరమే. నేను, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన. ఆయన్ని అందరం బాపు అనేవాళ్ళం. నాకు షుగర్ వచ్చిందని డాక్టర్ పరుగెత్తమంటే, బాపు నాకు తోడుగా వస్తానని మొదలుపెట్టి నాకంటే ఎక్కువ ఇష్టపడ్డాడు.

కెప్టెన్‌ది లాడ్ బజార్‌లో గాజుల దుకాణం, తాతల నాటిది. మాకన్నా చిన్నవాడు. పద్ధతులన్నీ అతనివే. నీళ్ళు, ఉప్పు ప్యాకెట్లు ఒక స్కూటీ మీద ముందుకు పోయి చెప్పిన చోట ఆగుతాయి. మా ఫోన్లన్నీ ఆ స్కూటీ డిక్కీలోనే. చేతిలో ఫోన్ ఉంటే ఫొటోల కోసం ఆగుతారని అతని బాధ. అందుకే వెనక పరుగెత్తే ఒకరి మెడలో సీటీ వేసేవాడు, బస్సు కండక్టర్ ఊదే విజిల్ లాంటిదే. ఆ ఒక్కరిని తోక అంటాం. తోకకు వెనక ఎవరూ మిగలకూడదు. తోక గట్టిగా ఊదితే ముందున్నవాళ్ళంతా ఆగి వెనక్కి రావాలి, ఒకరు ఉరికిపోయి స్కూటీని పిలుచుకురావాలి. కెప్టెన్ ముందు జట్టులో చివరన ఉండి, వెనక్కి ఒక చెవి వేసి పరుగెత్తేవాడు.

నేను తోకగా ఉన్నప్పుడు ఒకసారి కుక్కలు వెంటపడితే ఊదాను. అందరూ వేగం చెడగొట్టుకుని వెనక్కి వచ్చారు. చూస్తే మూడు బక్క కుక్కలు, అవి అప్పటికే పోయి చెత్తకుప్ప దగ్గర పడుకున్నాయి. ఆ రోజు నుంచి నన్ను కండక్టర్ సాబ్ అనడం మొదలైంది. పరుగు అయ్యాక చాయ్ దగ్గర ఎవరో ఒకరు చేయి చాపి టికెట్ ఇయ్యమనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. యాభైకి దగ్గరపడ్డ మనిషికి ఆ మాట అంత గుచ్చుకుంటుందని వాళ్ళకు తెలియదు. నాకూ అప్పటికి తెలియదు.

ఆ ఆదివారం పెద్ద మారథాన్‌కు ముందు మా చివరి లాంగ్ రన్. మళ్ళీ తోక వంతు నాదే. కెప్టెన్ సీటీ నా మెడలో వేస్తుంటే పక్కనుంచి ఒకతను అన్నాడు.

"కండక్టర్ సాబ్, ఇయ్యాల నాన్‌స్టాప్ సర్వీస్. యాద్ పెట్టుకో."

రాత్రి వాన పడి ఆగింది. గాలి లేదు, ఒకటే ఉక్క. ఫలక్‌నుమా బ్రిడ్జి ఎక్కేసరికే బాపు బనియన్ ఒంటికి అతుక్కుపోయింది. చాంద్రాయణగుట్ట దగ్గర స్కూటీ ఆగి ఉంటే ఆయన నీళ్ళు ఒక గుక్క తాగి మిగతావి నెత్తి మీద పోసుకున్నాడు. ఉప్పు నీళ్ళు తాగమంటే వాంతికొస్తదని వద్దన్నాడు. స్కూటీ ముందుకు పోయింది. కెప్టెన్ వెనక్కి తిరిగి బొటనవేలు చూపించాడు, నేనూ చూపించాను. అతని ఒక చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. పాటలు కావు, ఎంత వేగంతో పోతున్నామో ఫోన్ చెబుతుంటే విని ముందువాళ్ళకు అరిచి చెప్పడానికి. తన ఒక్క ఫోన్ మాత్రం అందుకే దగ్గర పెట్టుకునేవాడు.

బార్కస్‌లోకి వచ్చాక బాపు మాట్లాడటం మానేశాడు. పరుగెత్తినంతసేపూ రైళ్ళ ముచ్చట్లు చెప్పే మనిషి. నేను ఏదో అడిగాను. జవాబు లేదు. కాసేపటికి ఆయనే ఆగి అడిగాడు.

"గేటు పడ్డదా బిడ్డా?"

అక్కడ రైలు పట్టాలే లేవు. నేను ఆయన మోచేయి పట్టుకున్నాను. కాలిపోతోంది. అంతసేపు కారిన చెమట ఒక్క చుక్క లేదు, చర్మం పొడిగా ఉంది. ఇది ఏమిటో నాకు తెలుసు. కెప్టెన్ మా అందరికీ చాలాసార్లు చెప్పాడు: చెమట ఆగి మాట తడబడిందంటే ఆలస్యం చేయొద్దని.

సీటీ తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాను. రోడ్డు మలుపు దగ్గర కెప్టెన్ నారింజ రంగు చొక్కా కనిపిస్తోంది. ఊదితే వినపడే దూరమే. ఊపిరి కూడా పీల్చుకున్నాను. ఆ క్షణంలో నా కళ్ళ ముందు బాపు లేడు. చాయ్ దుకాణం దగ్గర నా ముందు చాపిన చేతులు ఉన్నాయి. కొంచెం నడిపిస్తే ఆయనే తేరుకుంటాడు, స్కూటీ ఎంతో దూరం ఉండదు అనుకున్నాను. నారింజ రంగు చొక్కా మలుపు తిరిగింది. నేను సీటీ నోట్లోంచి తీసేశాను.

బాపు చేయి నా భుజం మీద వేసుకుని నడిపించాను. ఆయన బరువు అడుగడుక్కీ పెరుగుతోంది. మలుపు దాకా పోయి చూస్తే ముందు ఎవరూ లేరు. అప్పుడు భయం మొదలైంది. నీళ్ళు దొరుకుతాయేమోనని పక్కకు తిరిగి ఆయన్ని ఒక్కసారి వదిలాను. ఆ ఒక్కసారికే ఆయన కూలిపోయాడు. నుదురు ఒక దుకాణం మెట్టు అంచుకు తగిలింది. గోధుమలూ మాంసమూ కలిపి ఉడికించే హరీస్ గిన్నె దించుకుంటున్న హోటలతను పని వదిలేసి బిందెతో వచ్చి ఆయన ఒంటి నిండా నీళ్ళు పోశాడు. ఆటో అతనే ఆపాడు. ఆటో డ్రైవర్ నన్ను చూసి, "ఆప్ కే సాథ్ ఔర్ కోయీ నహీ హై క్యా?" అని, నాతో ఇంకెవరూ లేరా అని అడిగాడు. ముందుకు పోయారని చెప్పాను. నా మెడలో ఉన్న సీటీ వైపు ఒకసారి చూసి బండి తీశాడు.

ఆస్పత్రిలో వడదెబ్బ అన్నారు, ఎండ లేకపోయినా ఉక్కలో అంతసేపు పరుగెత్తితే వస్తుందట. కొంచెం ముందు తెచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నారు. ఆ మాట నేను గోడకు ఆనుకుని వింటుండగా కెప్టెన్ మెట్లెక్కి వచ్చాడు. మేం ఎంతకీ రాకపోతే వెనక్కి వచ్చి, హోటలతన్ని అడిగి తెలుసుకున్నాడట. ఇయర్‌ఫోన్ ఇంకా మెడ మీద వేలాడుతోంది.

"అన్నా, సీటీ ఊదినవా?"

అతను నన్ను నిలదీయలేదు. తెలుసుకోవాలని అడిగాడు. ఊదలేదని చెప్పడానికి ఒక్క మాట చాలు.

"ఊదిన. రెండుసార్లు ఊదిన."

అతను ఇయర్‌ఫోన్ తీసి గుప్పిట్లో మూసుకున్నాడు. "నాకు వినపడలే అన్నా" అన్నాడు.

బాపు బతికాడు. ఆ పొద్దుటి సంగతి ఒక్కటీ ఆయనకు గుర్తులేదు. నడుస్తాడు గానీ ఎండలోకి పోలేడు, చేయి వణుకుతుంది. ఆయన ఇంటికి తిరిగొచ్చిన వారం కెప్టెన్ పండ్లు తీసుకుని ఉప్పుగూడకు వచ్చాడు. బాపు భార్య అతన్ని గడప దాటనివ్వలేదు. పాటలు వినుకుంట ఉరికేటోనివి మా ఆయన్నెందుకు తోల్కపోయినవ్ అని అడిగింది. అతను పండ్ల సంచి అరుగు మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సమయానికి నేను లోపలి గదిలో బాపు పక్కన కూర్చుని చాయ్ తాగుతున్నాను. ఆపదలో ఆయన్ని వదలని మనిషినని ఆమె నాకు చాయ్ ఇచ్చింది.

కెప్టెన్ ఆ తర్వాత పరుగుకు రాలేదు. నేను ఒకసారి మా అమ్మాయికి గాజులు కొనడానికి అతని దుకాణానికి పోతే, చెవుల డాక్టర్‌కు చూపించుకున్నానని చెప్పాడు. చెవుల్లో ఏ దోషమూ లేదన్నారట.

"దోషం ఉందంటే బాగుండేది అన్నా" అన్నాడు. "చెవులు మంచిగున్నయంటే, నేనే పట్టించుకోలేదన్నట్టే గదా."

అప్పుడైనా చెప్పాల్సింది. గాజుల డబ్బా చంకలో పెట్టుకుని బయటికి వచ్చాను.

కొన్నేళ్ళు గడిచాయి. ఈ మధ్య ఒక ఆదివారం కొత్తగా వచ్చినతను ఇయర్‌ఫోన్లు తీయనన్నాడు. మావాళ్ళలో ఒకరు కథ చెప్పడం మొదలుపెట్టారు. ఆ కథ ఇప్పుడు ఎంత పెరిగిందంటే, కెప్టెన్ పాటలు ఫుల్ సౌండ్‌లో పెట్టుకున్నాడట. సీటీ విని వెనక్కి చూసి కూడా పోయాడట. ఈ రెండో మాట నేనెప్పుడూ అనలేదు. కానీ అది పుట్టింది నా మాటలోంచే. ఆ రోజు నేను పరుగెత్తలేదు. లాడ్ బజార్‌లో దుకాణాలు తెరిచేదాకా తిరిగి, కెప్టెన్ దగ్గరికి పోయాను.

ఇద్దరు ఆడవాళ్ళు పెళ్ళి గాజులు ఏరుకుంటున్నారు. వాళ్ళు పోయేదాకా నిలబడ్డాను. అతను కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మీ, ఆ దినం నేను సీటీ ఊదలే."

అతను గాజులు డబ్బాలో సర్దుతున్నాడు. సర్దడం ఆపలేదు.

"రెండుసార్లు ఊదిన అన్నవ్."

"అబద్ధం చెప్పిన."

"ఒక్కసారి గూడ ఊదలే?"

"ఊదలే."

ఎందుకని అడిగాడు. మళ్ళీ కండక్టర్ అంటారనే ఊదలేదని చెప్పాను. చెబుతుంటే ఆ కారణం ఎంత చిన్నదో నాకే వినపడింది. అతను డబ్బా మూత పెట్టి చాలాసేపు దాన్ని అలాగే నొక్కి పట్టుకున్నాడు.

"మా అమ్మ గూడ నన్ను అడిగింది అన్నా, పాటలు వింటుంటివారా అని. లేదమ్మా అన్న. నమ్మలే. పోయినేడు చచ్చిపాయె. ఆమెకెట్ల చెప్తవ్ ఇప్పుడు?"

క్షమించమని అడగబోతే చేయి అడ్డం పెట్టాడు. ఆదివారం అందరి ముందు చెప్పమన్నాడు, బాపు ఇంట్లో కూడా చెప్పమన్నాడు. తను రానన్నాడు. "నువ్వు గూడ ఈ దుకాణానికి రాకు" అన్నాడు. గొంతు పెంచలేదు.

ఆదివారం చార్మినార్ దగ్గర చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకతను భుజం మీద చేయి వేసి, పోనియ్ అన్నా, ఎప్పటిదో లొల్లి ఇప్పుడెందుకు, బాపు బతికిండు గదా అన్నాడు. కెప్టెన్‌ను అన్ని మాటలు అన్నవాళ్ళు నన్ను ఇంత సులువుగా వదిలేయడం చూసి, అతని మీద పడ్డది ఎంత బరువో అప్పుడు తెలిసింది. నియమం అలాగే ఉండనిద్దామన్నారు, అది మంచిదే. కథ మాత్రం మార్చి చెప్పాలని నేను పట్టుబట్టాను. అందుకే ఇది రాస్తున్నాను కూడా.

అటునుంచే ఉప్పుగూడకు పోయాను. బాపు అంతా విని, వణికే చేతిని ఇంకో చేత్తో పట్టుకుని, నాకేం యాదికి లేదు బిడ్డా అన్నాడు. ఆయన భార్య మాత్రం నా ముఖం చూడలేదు. ఎదురుగా తెరిచి ఉన్న గడప వైపు చూస్తోంది.

"ఆ పిల్లగాడు గక్కడ్నే నిలబడె. గుక్కెడు నీళ్ళు గూడ ఇయ్యకపోతి."

లోపలికి పోయి చీర మార్చుకుని వచ్చింది. షాపు చూపియ్యి, నడువ్ అంది. ఇద్దరం ఆటో ఎక్కాం. లాడ్ బజార్ దగ్గర దిగాక వేలు పెట్టి దుకాణం చూపించాను, ఆకుపచ్చ బోర్డు ఉన్నది. నువ్వు రావా అని అడిగింది. రావద్దన్నాడని చెప్పాను. ఆమె తలూపి, బండ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ ఒక్కతే నడిచింది. దుకాణం ముందు ఆగి, చెప్పులు విడిచి, మెట్టెక్కింది. ఆ తర్వాత జనం అడ్డం వచ్చారు.