రూత్ గారి ఎడమ చెవి

అది 2022. జనం మాస్కులు తీసేసి మళ్ళీ ఒకరి పెదాలు ఒకరు చూసుకోవడం మొదలుపెట్టిన ఏడాది. నా వృత్తిలో అది చిన్న విషయం కాదు. నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడిని కొలిచి, అవసరమైనవాళ్ళకు హియరింగ్ ఎయిడ్ అమర్చే మనిషిని. చెవి మందగించినవాళ్ళు సగం మాటల్ని ఎదుటివాళ్ళ పెదాల మీదే వింటారు. మాస్కులున్న రెండేళ్ళూ మా పేషెంట్లకు ఆ సగం కూడా లేకుండా పోయింది.

విశాఖపట్నం మద్దిలపాలెంలో, బస్ డిపోకి దగ్గర్లో, ఒక మందుల షాపు పైన నా క్లినిక్. ముందు నాలుగు కుర్చీలు, లోపల చప్పుడు చొరబడని పెట్టెలాంటి టెస్టు గది. దాన్ని బూత్ అంటాం. నేను డాక్టర్ని కాదు, కానీ వచ్చేవాళ్ళంతా డాక్టరమ్మా అనే పిలుస్తారు. వాళ్ళలో ఎక్కువమంది ఫ్యాక్టరీల్లోనో పోర్టులోనో పనిచేసి రిటైరైనవాళ్ళు. దానియేలు గారు అలాంటివారే. ఎర్రగా కాల్చిన ఇనుప దిమ్మల్ని కడ్డీలుగా సాగదీసే రోలింగ్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేశారు. ఆయనకు హియరింగ్ ఎయిడ్ పెట్టింది నేనే. చర్చి క్వయిర్లో బాస్, అంటే మగవాళ్ళలో అందరికన్నా కింది గొంతు, పాడతారని కూడా తెలుసు.

నవంబరులో ఒక మంగళవారం ఉదయం ఆయన చెప్పకుండా వచ్చారు. వెనకాల తెల్లజుట్టుతో, పొడుగ్గా ఒక విదేశీ మహిళ. అరవై ఏడు, అరవై ఎనిమిదేళ్ళుంటాయి.

"అమ్మా, ఈవిడ రూత్ గారు. ఇంగ్లండునుంచొచ్చారు. సంగీతం రాసే పెద్దావిడ. మాకు కొత్త పాట నేర్పుతన్నారు. ఈవిడ సెవి సూడాలి," అన్నారు. తర్వాత గొంతు తగ్గించాననుకుని, కింద మందుల షాపుకి కూడా వినబడేటట్టు, "రానంటే నానే లాక్కొచ్చేను," అన్నారు.

ఏమైందని అడిగాను.

"మొన్న శనివారం మమ్మల్ని తిట్టేరమ్మా, శృతి తప్పుతన్నారని. మా ఆడోళ్ళు ఏడిసేరు. ఒకలిద్దరు తప్పుతారు గానీ, నలభై మందిమీ ఒకేపాలి ఎలాగ తప్పుతాం? అప్పుడు సూసేను. ఆవిడ ఎడం సెవి మూసుకుంటే మొకం మామూలుగుంది. సెయ్యి తీసీసరికి సిరాకు. అదేటో నాకు తెల్దేటి? నాను ఎన్నేళ్ళు అలాగ సెయ్యడ్డం పెట్టుకు తిరిగేనో నీకు తెలుసు కదా."

రూత్ గారికి తెలుగు రాదు. మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. విమానంలో జలుబు చేసిందనీ, చెవిలో గుబిలి ఉండి ఉంటుందనీ, కడిగేస్తే చాలుననీ అన్నారు. ఎన్నాళ్ళుగా అని అడిగితే తొమ్మిది రోజులన్నారు. చెవిలోకి లైటు వేసి చూశాను. గుబిలి లేదు. కర్ణభేరి శుభ్రంగా ఉంది. నాకు అది నచ్చలేదు. గుబిలి ఉంటే బాగుండుననిపించింది.

బూత్ లోకి తీసుకెళ్ళే ముందు ఫారం నింపాలి. అందులో ఒక ప్రశ్న, పనిచేసే చోట చప్పుడు ఎక్కువా అని. ఆమె నవ్వారు. "నలభై ఐదేళ్ళుగా ఆర్కెస్ట్రాల మధ్యా, క్వయిర్ల మధ్యా నిలబడ్డాను. ఎక్కువే." ఇంట్లో ఎవరికైనా చెవుడు ఉందా అన్న ప్రశ్నకు మాత్రం నవ్వలేదు. వాళ్ళది ఉత్తర ఇంగ్లండులో నది ఒడ్డున ఓడలు కట్టే ఊరు. నాన్న ఓడ రేకులకు రివెట్లు కొట్టేవాడు. నలభై ఏళ్ళకే చెవులు పోయాయి. చిన్నప్పుడు ఆమె ప్రార్థనామందిరంలో పియానో వాయిస్తుంటే ఆయన పక్కన నిలబడి, పియానో చెక్క మీద అరచెయ్యి ఆనించి వినేవాడట.

ఆమె రాసిన మొదటి పెద్ద రచన ఆయన కోసమే. నాలుగు తీగవాద్యాలకు రాసింది. వాయించేవాళ్ళు మధ్యమధ్య కమాను పక్కన పెట్టి, వాద్యం చెక్కను వేళ్ళతో కొట్టాలి. ఇరవై ఆరో ఏట దానితోనే పేరొచ్చింది. తర్వాత పెద్ద ఆర్కెస్ట్రాలకు రెండు సింఫొనీలు, స్కూలు పిల్లలు పాడే ఒక సంగీత నాటకం. తల్లి మంచాన పడ్డాక తొమ్మిదేళ్ళు ఒక్క గీత కూడా రాయలేదు. ఆ తర్వాత రాసినవన్నీ ఉత్త గొంతులకే. "వాద్యం కొనలేనివాళ్ళక్కూడా గొంతు ఉంటుంది కదా," అన్నారు. దానియేలు గారి క్వయిర్ వాళ్ళు, ఆమె రాసిన ఒక చిన్న కీర్తనకు తెలుగు మాటలు కట్టుకుంటామని అనుమతి అడుగుతూ ఉత్తరం రాస్తే, అనుమతితో పాటు తానే వచ్చి కొత్తది రాసిస్తానని జవాబిచ్చారట. క్రిస్మస్ ముందు ఆదివారం దాన్ని పాడాలి. ఇంకా చివరి భాగం రాయనే లేదు.

టెస్టు మొదలుపెట్టాను. కుడి చెవి ఆమె వయసుకు చాలా బాగుంది. ఎడమ చెవి గీత మాత్రం ఆడియోగ్రామ్ మీద, అంటే మేము వినికిడిని గీసే కాగితం మీద, మెట్లు దిగినట్టు దిగిపోయింది. చివరగా, ఒకే స్వరాన్ని ముందు కుడి చెవికి, తర్వాత ఎడమ చెవికి వినిపించాను.

"ఇవి రెండు వేరు వేరు స్వరాలు," అన్నారు.

"కాదండీ. ఒకటే."

మళ్ళీ వినిపించమన్నారు. వినిపించాను. ఒక చెవి ఒక స్వరాన్ని, రెండో చెవి దానికి కాస్త పైదాన్ని వినడాన్ని మేము డిప్లాక్యూసిస్ అంటాం. మామూలు మనిషికి అది చికాకు. ఆమెకు ఏమిటో ఊహించడానికి నాకు భయమేసింది. ఏడుస్తారనుకున్నాను.

"అయితే వాళ్ళు సరిగ్గానే పాడారు," అన్నారు.

అదీ, సంగతి తెలిశాక ఆమె అన్న మొదటి మాట.

హఠాత్తుగా నరం దెబ్బతిని వినికిడి పడిపోవడం ఇది. రోజులు గడిచేకొద్దీ మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది. ఆ సంగతి దాచకుండా చెప్పాను. తిరిగి వస్తుందా అని అడిగారు. తెలియదన్నాను. కొందరికి పూర్తిగా వస్తుంది, కొందరికి కొంత, కొందరికి రాదు. "తెలియదని చెప్పినందుకు సంతోషం," అన్నారు. తర్వాత, "ఇది ఎవరికీ తెలియకూడదు. చెవి పోయిన కంపోజర్‌కి ఎవరూ పని ఇవ్వరు," అన్నారు. ఆ పూటే నాకు తెలిసిన ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపాను. ఆయన మాత్రలు రాసి, కర్ణభేరి గుండా ఇంజెక్షన్లు కూడా మొదలుపెట్టారు. ప్రతిసారీ తోడు వెళ్ళింది దానియేలు గారే.

ఆ వారంలో ఒక మధ్యాహ్నం భోజనం వేళ, బూత్ లో టిఫిన్ క్యారియర్ పక్కన పెట్టుకుని, నాన్న కోసం ఆమె రాసిన రచన ఫోనులో వెతికి విన్నాను. నాకు పాశ్చాత్య సంగీతం ఏమీ తెలియదు. మా ఇంట్లో పాటంటే రేడియోలో వచ్చిందే. మొదటి పది నిమిషాలూ ఏదో రంపంతో కోస్తున్నట్టుంది. తర్వాత నలుగురూ కమానులు ఆపేసి చెక్కల మీద వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టారు. దూరంగా షిప్‌యార్డులో పని జరుగుతున్నట్టు. ఆ చప్పుడు నెమ్మదిగా సన్నగిల్లి, చివరికి ఒక్క వేలు మిగిలింది. ఆ వేలు కూడా ఆగింది. అన్నం చల్లారిపోయింది.

శనివారం రిహార్సలుకి రూత్ గారు నన్ను రమ్మన్నారు. వెళ్ళే ముందు తెలుగులో రెండు ముక్కలు నేర్పమని అడిగి, వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో అరచేతి మీద రాసుకున్నారు. ఎవరికీ తెలియకూడదన్న మనిషి నలభై మంది ముందు నిలబడి, చెయ్యి చూసుకుంటూ చదివారు. "తప్పు మీది కాదు. నా చేవిది. నన్ను క్షమించండి."

చెవిని చేవి అన్నారు. ఎవరూ నవ్వలేదు. దానియేలు గారి భార్య మరియమ్మ గారు ముందు వరసలో సోప్రానో, అంటే ఆడవాళ్ళలో పై గొంతు, పాడతారు. మొన్న ఏడ్చినవాళ్ళలో ఆవిడా ఉన్నారు. లేచి వెళ్ళి రూత్ గారి రెండు చేతులూ పట్టుకున్నారు.

"పోన్లెండమ్మా. తల్లి కసిరితే పిల్లలు మనసులో ఎట్టుకుంటారేటి? మీ సెవి కోసం ప్రార్థన సేత్తాం."

నేను ఇంగ్లీషులో చెప్పాను. రూత్ గారు తల ఊపి, ఎడమ చెవిలో దూది కుక్కుకుని, పాట మొదలుపెట్టమన్నారు.

అప్పుడు జరిగింది నేను ఊహించనిది. వెనక వరసలో దానియేలు గారు తన హియరింగ్ ఎయిడ్ తీసి, కళ్ళజోడు పెట్టెలో పెట్టి, జేబులో వేసుకున్నారు. రూత్ గారు చెయ్యి ఎత్తి పాట ఆపేశారు. ఆయన దాన్ని ఎందుకు తీశారో అడగమన్నారు.

"మాటలకి బాగానే ఉంటాదమ్మా," అన్నారాయన నాతో, మొహమాటంగా. "పాటకొచ్చీసరికి రేకు డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టుంటాది. అందుకని తీసెత్తాను. పక్కోడి బుజానికి బుజం ఆనించుకుంటే గొంతు తెలిసిపోద్ది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం? నాలుగేళ్ళయింది కదా!"

"నువ్వడగలేదు కదమ్మా. టీవీ అడిగేవు, ఫోనడిగేవు, ఫ్యాను సౌండడిగేవు. పాటడగలేదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ తగిలింది. హియరింగ్ ఎయిడ్ ని మాటల కోసం తయారుచేస్తారు. ఎక్కువసేపు సాగే స్వరాన్ని అది ఈల అనుకుని నొక్కేస్తుంది. గట్టిగా పాడితే తగ్గించేస్తుంది. సంగీతం కోసం ఆ కట్టుబాట్లన్నీ సడలించి, వేరే ప్రోగ్రామ్ పెట్టవచ్చు. గంట కూడా పట్టని పని. క్వయిర్లో పాడతారని తెలిసి కూడా నాకు ఆ ప్రశ్న తోచలేదు.

సోమవారం ముగ్గురూ క్లినిక్ కి వచ్చారు. మరియమ్మ గారు పాడారు. నేను కంప్యూటర్లో ఒక్కొక్కటే మార్చాను. రూత్ గారు ఆయన హియరింగ్ ఎయిడ్ నుంచి వచ్చే శబ్దాన్ని పరీక్షించడానికి నా దగ్గరున్న సన్నటి గొట్టంతో కుడి చెవికి పెట్టుకుని విని, ఎక్కడ గరుకుగా ఉందో చెప్పారు. నా గ్రాఫులు చూపించని గరుకులు ఆమె ఒక్క చెవికి దొరికాయి. అయిదారుసార్లు మార్చాక దానియేలు గారికి పెట్టి, మరియమ్మ గారిని మళ్ళీ పాడమన్నాం.

ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నారు. ఆవిడ పాట ఆపి, "ఏటి, బాగోలేదేటి?" అన్నారు కంగారుగా.

"ఆపకే," అన్నారాయన. "నీ గొంతు ఇదేనేటి? సానాళ్ళయిపోనాది ఇని. పాడు."

ఆవిడ పాడారు. రూత్ గారు గొట్టం ఒళ్ళో పెట్టుకుని, ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయారు. వెళ్ళేటప్పుడు మెట్ల మీద నాతో, "మా నాన్నకి ఇది అందలేదు," అన్నారు. అంతే. ఆ రాత్రే కూర్చుని చివరి భాగం రాశానని తర్వాత చెప్పారు. కింది గొంతుల మగవాళ్ళు ఒక్క స్వరాన్ని పట్టుకుని ఉంటే, దాని మీద పై గొంతుల ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరతారు.

ఇంజెక్షన్లు కొంత పనిచేశాయి. నాలుగు వారాల తర్వాత టెస్టులో కింది స్వరాలు చాలావరకు తిరిగొచ్చాయి. రెండు చెవుల మధ్య తేడా తగ్గింది గానీ పోలేదు. పై స్వరాలు రాలేదు. క్రిస్మస్ ముందు ఆదివారం ఆమె ఎడమ చెవిలో దూదితోనే క్వయిర్ ని నడిపించారు. మా ఇంట్లోవాళ్ళతో కలిసి నేనూ వెళ్ళాను. చివరి భాగంలో దానియేలు గారి కళ్ళు రూత్ గారి మీద లేవు. ముందు వరసలో భార్య వెనక జడ మీద ఉన్నాయి. రూత్ గారు ఆయన్ని కసరలేదు.

ఊరెళ్ళాక తన చెవి సంగతి తానే అందరికీ చెప్పేశారట. ఆమెకు పని ఇస్తామన్నవాళ్ళలో ఒక్క క్వయిర్ వెనక్కి తగ్గిందట. మిగిలినవాళ్ళు తగ్గలేదు. ఇప్పుడు వినికిడి తగ్గిన వృద్ధుల క్వయిర్ కోసం ఒకటి రాస్తున్నానని ఈమధ్య రాశారు. ఈ కథ రాసుకోవడానికి ఒప్పుకున్నారు. పేర్లు మాత్రం మార్చాను.

నా ఫారంలో మొదటి ప్రశ్న, "మీకు ఏం వినబడటం లేదు?" అని ఉండేది. చదువుకున్న రోజుల్నుంచీ అదే అడిగాను. ఇప్పుడు దాన్ని కొట్టేసి, "మీకు ఏం వినాలని ఉంది?" అని రాసుకున్నాను. జవాబులు నేననుకున్నవి కావు. మొన్న యారాడ నుంచి చేపలమ్మే ఒకావిడ వచ్చింది. ఆమెని అదే అడిగితే సిగ్గుపడి, కొడుకు వైపు చూసి, చివరికి చెప్పింది.

"మా ఆయన బోటు ఇంజను సౌండమ్మా. దూరాన్నుంచే పోల్చీదాన్ని, మాదొత్తందా, పరాయోళ్ళదొత్తందా అని. ఇప్పుడు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి."

ఆ చప్పుడు నేనెప్పుడూ వినలేదన్నాను. వచ్చే వారం ఫోనులో పట్టించి తెస్తానంది. తెచ్చింది. ఇద్దరం బూత్ తలుపు వేసుకుని విన్నాం.