తొట్టి నీళ్లు తాగిన బర్రె

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు దేవుడి కంటే అమ్మోనియా అంటేనే ఎక్కువ భయం. నారాయణఖేడ్ నుంచి మనూర్ పోయే దారిలో ఓ చిన్న మందుల ఫ్యాక్టరీ మాది. అక్కడి మురుగునీటిని తొట్టిలో పట్టి మెగ్నీషియం ఉప్పు, ఫాస్ఫేటు వేసి కలియతిప్పితే, నీళ్లలోని అమ్మోనియా తెల్లటి పొడిగా మారి అడుగుకు దిగుతుంది. అలా దించడం నా పని. (కాలేజీలో నేను దించింది మార్కులనే.)

ఒక మధ్యాహ్నం గాజునళిక కడుక్కుని వచ్చేసరికి, కంచె సందులోంచి దూరిన బర్రె ఒకటి నా తొట్టిలో మూతి పెట్టి తాగుతోంది. పైన తేరిన నీళ్లను ఇంకా పరీక్షించనే లేదు. అమ్మోనియా మిగిలి ఉంటే పశువు బతకదని చదువుకున్నాను. దాన్ని వెతుక్కుంటూ పక్కచేను చాచా పరుగెత్తుకొచ్చాడు. ఆ బర్రె పాలతోనే ఆయన ఇల్లు గడుస్తుంది. "ఏం బిడ్డా, గా నీళ్లు మంచియేనా?" అన్నాడు. "చూసి చెప్తా చాచా" అన్నాను. "తాగినంక చూసుడేంది? యా అల్లా! దీనికేమన్నయితే నా ఇంట్ల పొయ్యెట్ల మండాలె?"

ఆ నీళ్లు నళికలోకి తీసి పరీక్ష మందు చుక్కలు వేశాను. అమ్మోనియా ఎంత ఉంటే పసుపు అంత ముదురుతుంది. లేత పసుపే వచ్చింది. కానీ నా కళ్లకు అది క్షణక్షణం ముదురుతున్నట్టే ఉంది. మా షిఫ్టు సారు (వెనకాల అందరం మీసాల సారనేవాళ్లం) నళికను వెలుతురుకెత్తి, "లేతగనే ఉన్నది, పరేషాన్ గాకు" అన్నాడు. సరిగ్గా అప్పుడే బర్రె మోకాళ్లు మడిచి కూలబడింది.

నేను ఏడుపు లంకించుకున్నాను. చాచా దాని మెడ పట్టుకుని కూర్చున్నాడు. సారు ఫోన్ చేస్తే పశువుల దవాఖాన డాక్టరు బండి మీద వచ్చి, దాని డొక్క నొక్కి, కళ్లు చూసి, "నెమరేస్తున్నదమ్మా. అది నిమ్మళంగనే ఉన్నది, నువ్వే బాగలేవు" అన్నాడు. నమ్మే ధైర్యం నాకూ లేదు, చాచాకూ లేదు. ఎండ వాలేదాకా దాని ముందే కూర్చున్నాం. చివరికి అది లేచి, ఒళ్లు విదిలించుకుని, తొట్టి పక్కనే ధారగా ఉచ్చ పోసింది. ముక్కు పగిలే ఘాటు. "సార్, అమ్మోనియా!" అని అరిచాను. చాచా అప్పుడు నవ్వాడు. "గీ నీళ్లకు గూడ నీ ఉప్పేస్తవా బిడ్డా?"

ఇప్పుడు తొట్లకు మూతలున్నాయి, పనికి నా కింద మనుషులున్నారు. అయినా ఒక్కోసారి, ఒక చేత్తో చున్నీతో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో బర్రె మీది ఈగలు తోలిన అప్పటి నేను గుర్తొచ్చి నవ్వుకుంటాను. అంతగా భయపడటం ఇప్పుడు నాకు చేతకాదు.