లాగినట్టే లెక్క

నిన్న మా కార్యాలయం ముందు చేపల పెట్టెల బండి ఒకటి ఆగింది. తడి తాడు వాసన కిటికీలోంచి లోపలికి రాగానే, సగం రాసిన నివేదికలో ‘టాంటమౌంట్’ అన్న మాట దగ్గర నా చేయి ఆగిపోయింది. నరసమ్మ మేడం గుర్తొచ్చారు.

రాజాం డిగ్రీ కళాశాలలో ఆమె మాకు ఇంగ్లీషు చెప్పేవారు. ఎచ్చెర్ల వైపు సముద్రపుటొడ్డున వేట కుటుంబంలో పుట్టిన మనిషి. డిబేట్ పోటీల్లో నాకు జోడీ గౌరి. ఒకసారి మేము గెలిచాక, ఆనాటి అంశం ముందే రాసివున్న కాగితం గౌరి పుస్తకంలో దొరికింది. ఎవరిచ్చారని నిర్వాహకులు ఎంత అడిగినా ఆమె నోరు విప్పలేదు. బహుమతి వెనక్కి తీసుకున్నారు. ఆ సాయంత్రమే ప్రిన్సిపాలుకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను: ఆమె మౌనం నేరం ఒప్పుకోవడానికి ‘టాంటమౌంట్’, కనుక జట్టు నుంచి తొలగించాలి. ఆ మాట వాడినందుకు లోలోపల కొంత గర్వపడ్డాను కూడా.

ప్రిన్సిపాలుకు ఇచ్చేముందు చూపిస్తే, మేడం ఉత్తరం చదివి, “దీనర్థం ఏటే?” అన్నారు.

“సమానమని.”

“అయితే ఈక్వల్ అని రాయకపోయావా? నోరు నిండదనా?” అని నవ్వి, “ఆదివారం మా ఊరు రా. అంతవరకూ ఇది నీ దగ్గరే ఉంచు” అన్నారు.

ఆదివారం ఒడ్డున పెద్దవల లాగుతున్నారు. పోలమ్మ అనే ముసలావిడ వచ్చి తాడు మీద చేయి వేసింది. లాగే సత్తువ ఆ చేతుల్లో లేదు. వల గట్టెక్కాక, వాటాలు పంచేటప్పుడు ఆమెకూ ఒక కుప్ప పెట్టారు.

“అత్తా, తాడుని నువ్వు లాగినావా, నిన్నే తాడు లాగినాదా?” అని ఒకడు ఆటపట్టించాడు.

“నీ అయ్య తాడు పట్టకముందే పట్టినాన్రా నేను!” అంటూ ఆమె చేపలు బుట్టలోకి ఎత్తుకుంది.

సొంత ఒడ్డున మేడం మాటలో యాస ఇంకా చిక్కబడింది. “ఆవిడ లాగనేదు. లాగినట్టే లెక్క. రెండూ ఒకటి కాదని అందరికీ తెలుసు, అయినా ఒకటిగా ఎంచినారు. ఎంచిందెవరు? అరిచేతులు బొబ్బలెక్కేలా లాగినోళ్ళు, తమ వాటా తగ్గించుకుని. నువ్వు గౌరి మౌనాన్ని నేరంగా ఎంచినావు. ముందు ఆ పిల్లని ఒక్క మాట అడిగినావేటి?”

అడగలేదు. ఎదుటి జట్టును ప్రశ్నించడమే నాకు తెలుసు.

సోమవారం అడిగాను. గౌరి అన్నం డబ్బాలోంచి తలెత్తకుండా, “ఆ కాగితం నువ్విచ్చిన కట్టలోదేనే. నువ్వు సూడనేదని నాకు తెలుసు. ఆళ్ళకి తెలుస్తాదేటి?” అంది. ఒక సీనియర్ ఇచ్చిన ఆ కాగితాల కట్టను విప్పి చూడకుండానే గౌరికి అందించింది నేనే.

ఉత్తరం మళ్ళీ రాశాను, ఈసారి ఆ కట్ట గౌరికి ఇచ్చింది నేనేనని. ఆ ఏడాదంతా నన్ను జట్టులోకి తీసుకోలేదు. మేడం ఆ రెండో ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, “ఆ పెద్దమాట ఎక్కడా నేదేటే?” అన్నారు.

“అవసరం పడలేదు మేడం.”

నిన్నటి నివేదిక ఒక ఉద్యోగి గురించి. నోటీసుకు అతను జవాబివ్వకపోవడం ధిక్కారానికి ‘టాంటమౌంట్’ అని రాసివుంది, నా చేతి రాతే. కలానికి మూతపెట్టి, అతని నంబరు వెతికి ఫోన్ చేశాను.