గుండు ఆపాల్సిన బొంత

నేను అనుమానం మనిషినని మా ఇంట్లో అందరూ అనేవారు. అననీ. పాలవాడు నవ్వితే నీళ్లు కలిపాడనే అనుకుంటాను. ఆ రోజు మా మామగారు నవ్వుతూ ఎదురొచ్చినప్పుడూ నాకు అలాగే అనిపించింది.

అవి అరవైల చివరి రోజులు. మా ఆయన పోలీసు కానిస్టేబులు. ఏజెన్సీ కొండల్లో కాల్పులు జరుగుతున్నాయని ఆయన్ని అక్కడికి వేశారు. గజపతినగరం దగ్గర మా ఊళ్లో నేనూ మామగారూ మిగిలాం. మామగారు జూట్ మిల్లులో గోనెలు కుట్టి రిటైరైన మనిషి. పరాయి దేశాల్లో సిపాయిలకు గుండు దిగని దళసరి గుడ్డ చొక్కాలు వచ్చాయని ఎవరో మిలటరీ ఆయన చెబితే విన్నారట. కొడుక్కి అలాంటిది చేయాల్సిందేనని పట్టుబట్టారు.

మొదట బండి చక్రం ఇనప పట్టీ ముక్కలు గోనెలో పెట్టి కుట్టారు. సెలవుకి వచ్చిన మా ఆయన అది తొడుక్కుని వీధి చివరిదాకా నడిచి, దీంతో కొండ ఎక్కితే గుండు అక్కర్లేదు, ఆయాసానికే పోతానని విప్పేశారు. తేలిగ్గా ఉండాలని అప్పుడు గుడ్డకు దిగాం. గోనెపట్టా ఒక వరస, చనిపోయిన మా అత్తగారి పాత కోకలు ఒక వరస, మధ్యలో చింతపిక్కల జిగురు. బొంత కుట్టినట్టు మొత్తం నేనే కుట్టాను. వేళ్లు పుళ్లు పడ్డాయి.

కాల్చి చూడందే ఇచ్చేది లేదన్నాను. పందుల్ని తోలే నాటు తుపాకీ పక్కింట్లోనే ఉంది. మామగారు ఒకరోజు మంగళవారమన్నారు, ఇంకోరోజు మందు తడిసిందన్నారు. చివరికి నేను సంతకి వెళ్లొచ్చేసరికి కాల్చేశామని, అరటి బోదెకు తొడిగితే గుండు దిగనే లేదని నవ్వుతూ చెప్పారు. అణిగిన సీసపు గుండు కూడా చూపించారు. బోదె ఏదని అడిగితే ఆవుకి వేసేశానన్నారు.

ఆయన స్నానానికి వెళ్లగానే బొంత ఒళ్లో వేసుకుని తడిమాను. ఎడమవైపు, రొమ్ము దగ్గర, నేను వేయని అతుకు ఒకటి ఉంది. దారం ముడి పైకి కనిపిస్తోంది. బొంత కుట్టే ఆడవాళ్లు ముడి పైన వదలరు, ఒంటికి గుచ్చుకుంటుందని లోపలికి తోసేస్తారు. గోనెలు కుట్టేవాళ్లే బయటికి వేస్తారు. అతుకు కోసి చూస్తే నా వేలు ఇటునుంచి అటు వచ్చేసింది. ఒళ్లు మండిపోయింది. భయం కూడా వేసింది.

"గుండు దూరిపోనాది కదా మావా," ఆయన స్నానం చేసి రాగానే అన్నాను.

ఆయన తల తుడుచుకోవడం ఆపారు. "దూరిపోనాదమ్మా. ఎనకాల రాయికి తగిలి అణిగినాది. ఆడికి కాస్త ధైర్నం ఉంటాదని కుట్టీసినాను."

"ధైర్నం ఉంటే మీ కొడుకు ముందుకెల్లిపోతాడు మావా. భయముంటేనే బండసాటున కూకుంటాడు."

ఆయన గోడవైపు తిరిగి కూర్చున్నారు. నా కోపం తీరలేదు గానీ, వంగిపోయిన ఆ భుజాలు చూసి అన్నం వడ్డించాను.

మళ్లీ మా ఆయన వచ్చినప్పుడు అతుకు విప్పిన బొంతనే ముందు పెట్టాను. బొక్కలో వేలు పెట్టి చూసుకున్నారు. తండ్రి వైపు చూశారు. మడతపెట్టి పెట్టెలో సర్దుకున్నారు.

"కొండమీద సలి నాన్నా. కప్పుకుంటాను గానీ తొడుక్కోను," అన్నారు.

ఆ బొక్క కుట్టేస్తానని నేను సూదీ దారం తెస్తే వద్దన్నారు. అది రోజూ కంటికి కనబడాలన్నారు.