పెద్దనాయిన తీసిన మడవ

మా పెద్దనాయిన పోయిన కబురు ఎదురింటోళ్ల ఫోనుకు వచ్చింది. మిర్యాలగూడలో మా ఇంట్ల ఇంకా ఫోను లేదు. నేను అరుగు మీద కూసోని బియ్యం ఏరుతున్న. ఎదురింటామె గేటు కాడ నిలబడి, "మీ ఊరినుంచి ఫోనమ్మా, పెద్దాయన పోయిండంట" అన్నది. ఏ పెద్దాయన అని నేను అడగలేదు. చాట కింద పెట్టి లేచిన.

గరిడేపల్లి దిక్కు పోయే బస్సెక్కినంక ఏడుపొచ్చింది. ఏడుపుతోని సిగ్గు కూడా వచ్చింది. సచ్చిపోయినాయన యాదికొస్తే సిగ్గెందుకని మీరడగొచ్చు. పన్నెండేండ్ల పిల్లగ ఉన్నప్పుడు ఆయన పక్కన నిలబడి తలకాయ దించుకున్న. అప్పటినుంచి ఆయన యాదికొచ్చినప్పుడల్లా ముందుగాల నా చెవులే వేడెక్కుతయి. ప్రేమ తర్వాత వస్తది.

ఆయన మా నాయినకు అన్న. సాగర్ కాలువ నీళ్ల మీద బతికే ఊరు మాది. వరి తప్ప ఇంకో పంట మాకు తెల్వదు. పొలం గెట్టును ఒక్క కాడ తవ్వి నీళ్లు లోపలికి వదిలే జాగాను మేం మడవ అంటం. మడవ తియ్యాల్నంటే, కట్టాల్నంటే ఊరంతా మా పెద్దనాయిననే పిలిచేది. నీళ్ల వంతుల కాడ కొట్లాట వస్తే ఆయన మాటే ఆఖరు. "నీళ్లు పక్కనుంచే పోతుండంగ పొలం ఎండితే, అది మనిషి తప్పు" అనేటోడు. ఎవలి పొలమని చూసేటోడు కాదు. బాటెంట పోతూ పోతూ ముక్కూ మొఖం తెల్వనోళ్ల గెట్టు కారుతుంటే కూడ దిగి, కాలితోని ఇంత మట్టి తొక్కి పోయేటోడు.

పిల్లలను తిప్పుడంటే ఆయనకు పెద్ద పండగ. వరి కోతలైనంక ట్రాక్టరు డబ్బాల గడ్డి పరిచి, ఇంట్ల పిల్లలందరినీ ఎక్కించి మట్టపల్లి తీస్కపోయేటోడు. కృష్ణల మమ్మల్ని జుట్టు పట్టుకొని ముంచేటోడు. "ఊపిరాడ్తలే పెద్దనాయినా!" అంటే, "దేవుని నీళ్లు బిడ్డా, ఏం కాదు" అని ఇంకోసారి ముంచేటోడు. ఒకసారి డ్యాం గేట్లెత్తిండ్రంటే సాగర్ పోయినం. మేమంతా తుంపర్ల కింద ఎగురుతుంటే ఆయన మాత్రం కిందికి పోయే నీళ్లనే సూసుకుంట నిలబడ్డడు. "గిన్ని నీళ్లు యాడికి పోతున్నయో ఒక్కసారన్న సూడాలె" అన్నడు. సముద్రం పోవాలన్న ముచ్చట ఆ దినమే ఆయనకు పట్టుకుంది.

ఎనభైలల్ల ఒక ఎండాకాలం అది తీరింది. మిర్యాలగూడ రైసుమిల్లు లారీ తవుడు వేసుకొని చీరాల దిక్కు పోతుందని తెలిసి, పెద్దనాయిన సేటును బతిమాలి ఒప్పించిండు. తవుడు బస్తాల మీద పట్టా పరిచి ఇంటిల్లిపాది ఎక్కినం. పులిహోర గంప, గారెల డబ్బా, రెండు కుండల మంచినీళ్లు. కోదాడ దాటి, బెజవాడ దాటి పోతుంటే బాట పొడుగున ఆయన నోరు ఊకోలేదు. "ఆ కొయ్యకాళ్లు సూడు, నాట్లు ఎంత దగ్గర దగ్గర ఏసిండ్రు! ఆ కాలువ సూడు, పూడిక తియ్యక ఎన్నేండ్లయిందో!" మా పెద్దమ్మ విసుగొచ్చి, "నువ్వు సముద్రం సూడనీకి వస్తున్నవా, ఊళ్లోళ్ల కాలువలు సూడనీకి వస్తున్నవా?" అన్నది.

లారీ తవుడు దించి మమ్మల్ని ఒడ్డు కాడ దింపింది. సముద్రం చూడంగనే పిల్లలం కేకలు పెట్టుకుంట ఉరికినం. పెద్దమ్మ పసుపు కుంకుమ వేసి, రైకముక్క పెట్టి, కొబ్బరికాయ నీళ్లల్ల వదిలింది. అల దాన్ని తెచ్చి మళ్లా ఆమె కాళ్ల కాడనే పడేసింది. "తీసుకుంటలేదు గదనే!" అని ఆమె, "నువ్వు మనసు పెట్టి మొక్కలే" అని ఆయన. నవ్వలేక కడుపులు నొచ్చినయి. పెద్దనాయిన మోకాళ్లదాక దిగి, తలకు తువ్వాల కట్టుకొని, అలలనే సూసుకుంట నిలబడ్డడు. ఆఖరుకు, "గిన్ని నీళ్లు ఈడ పెట్టుకొని, గాడ తూము కాడ మనం పారలు లేపుతున్నం సూడు" అన్నడు. ఆయన అంత సంబురంగ ఉండంగ నేను మళ్లా చూడలేదు.

మర్లి వచ్చేటప్పుడు మధ్యాహ్నం అయింది. డ్రైవరు ఒక కునుకు తీస్తానని తుమ్మచెట్ల నీడకు లారీ ఆపిండు. ఆడోళ్లు ఆకులు పరిచి పులిహోర వడ్డిస్తున్నరు. పెద్దనాయిన అట్ల తిరిగొస్త అని పోయిండు.

బాట పక్కన అచ్చం మన పొలాల లెక్కనే మడులున్నయి. గెట్లు, కాలువ, కాలువ నిండ నీళ్లు. దూరంగ తాటాకు కప్పిన కుప్పలుంటే ఆయనకు గడ్డివాముల లెక్క కనపడ్డయంట. కానీ మడులల్ల పైరు లేదు. నేల మీద తెల్లగ పేరుకోని ఉంది. మా దిక్కు పొలంల చవుడు తేలితే అట్లనే తెల్లగ కనపడ్తది. చవుడు పోవాలంటే మడి నిండ నీళ్లు పెట్టి కడగాలె. మా ఊరి చిన్నపిల్లగాడు కూడ అదే చెప్తడు. ఆయన చుట్టూ చూసిండు. మనిషి కానరాలేదు. కాలువల నీళ్లున్నయి, మడి ఎండుతుంది. ఇంకేముంది, ధోతి ఎగ్గట్టి చేతులతోనే మడవ తీసిండు. ఒకటి కాదు, వరుసగ ఉన్న మడులన్నిటికీ తీసిండు.

చేతులకు బురదతోని నవ్వుకుంట వచ్చి, "ఎవలిదో పాపం, చవుడు తేలి ఖరాబైతుంది. నీళ్లు పెట్టొచ్చిన" అన్నడు. "పున్నెం చేసినవ్ తియ్యి, కూసొని తిను" అన్నది పెద్దమ్మ. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. అందరం వరి పండించేటోళ్లమే కద!

రెండు ముద్దలు తిన్నమో లేదో, ఒకామె కేకలు పెట్టుకుంట ఉరికొచ్చింది. కొంగు జారిపోతున్నా చూసుకుంటలేదు. వెనక ఆమె పెనిమిటి.

"ఎవురయ్యా మడవ తీసింది? ఎవురు తీశారు?"

మా చేతులు ఆకుల మీద ఆగిపోయినయి. పెద్దనాయిన లేచి నిలబడ్డడు. "నేనే తల్లీ. ఎండిపోతుంటే సూడలేక..."

"ఎండితేనే గదయ్యా ఉప్పయ్యేది!"

ఆ మాటతోని ఆమె నడుం విరిగినట్టు కిందనే కూలబడ్డది. నెత్తి కొట్టుకుంట, "నెల్లాళ్లు తొక్కిన మడులు. రేపో మాపో గీకేవాళ్లం. పల్చటి సముద్రం నీళ్లు పెట్టి అంతా కరగబెట్టావు గదయ్యా. నీకేం అన్యాయం చేశాం?" అని ఏడ్చింది. ఆమె పెనిమిటి మమ్మల్ని, మా ఆకులల్ల పులిహోరను చూసిండు. అది తిట్టినదానికంటె ఎక్కువ. మా నాయిన జేబుల చెయ్యి పెడితే ఆయన మొఖం తిప్పుకున్నడు. తినుటానికి నోట్లె పెట్టుకున్న ముద్ద నేను మింగలేకపోయిన, ఊంచలేకపోయిన. లారీ కిందికి దూరుదామనిపించింది. మా పెద్దమ్మ కొంగు నోట్లె కుక్కుకుంది. చేసింది పెద్దనాయిన ఒక్కడే అయినా, ఆ దినం సిగ్గు మా ఇంటిల్లిపాదిది.

పెద్దనాయిన ఆమె ముందట మోకాళ్ల మీద కూసున్నడు. మా ఊళ్ల ఎవలి ముందటా వంగని మనిషి. "తెల్వక చేసిన తల్లీ. నా చేతులతోనే తోడిపోస్త. తొక్కమంటే తొక్కుత. నన్ను ఎల్లగొట్టకుండ్రి" అన్నడు. తర్వాత మా దిక్కు తిరిగి, "మీరు పోండ్రి" అన్నడు. మా నాయిన, "అన్నా, ఎట్లనే..." అంటుంటే, "పోండ్రిరా" అని గట్టిగ అన్నడు. లారీ కదిలితే వెనక్కి చూసినం. ఆయన నీళ్లల్ల దిగి కుండతోని తోడిపోస్తుండు. ఉప్పు మడుల ఎండల ఆయన తువ్వాల ఒక్కటే కనపడ్డది.

వారం దాటినంక వచ్చిండు. ఉప్పుకు పాదాలు పగిలి, నెత్తురు కారుతున్నయి. పెద్దమ్మ ఆముదం రాస్తుంటే, "వాళ్లు మంచోళ్లే. అన్నం పెట్టిండ్రు. ఆ అన్నం తినుడే కష్టమైంది" అన్నడు. ఇంకో మాట, నా మనసుల గట్టిగ నిలిచిపోయింది: "ఆ కాలువ నీళ్లు ఒక్క చుక్క నాలుక మీద వేసుకున్నా తెలిసేది. అంత గర్వమేందే నాకు?" మేం దాన్ని గర్వం అనుకోలేదు. ఆయనకు మాత్రం అదే పేరు దొరికింది.

ముచ్చట ఊళ్లకు పాకింది. తూము కాడ కుర్రోళ్లు, "ఉప్పు పండుతదా పెద్దన్నా ఈసారి?" అని నవ్వేటోళ్లు. ఆయన కూడ నవ్వేటోడు. కానీ వంతుల పంచాయితీకి పోవుడు బంద్ చేసిండు. ఇంకొకల గెట్టు ముట్టుకోలేదు. మమ్మల్ని ట్రాక్టరెక్కించుడు కూడ ఖతం. "ఈ చేయిని నమ్మొద్దు బిడ్డా" అనేటోడు.

తొంభైలల్ల కాలువకు నీళ్లు తక్కువొచ్చిన ఏడు, మా పక్క పొలమాయన కాలిరిగి సూర్యాపేట దవాఖానల పడ్డడు. ఆయన వంతు వచ్చింది, పొలం నెర్రెలు పట్టింది, మడవ తీసే దిక్కు లేదు. పెద్దనాయిన గెట్టు మీద నిలబడి, కూసొని, మళ్లా నిలబడి, చివరికి బస్సెక్కి సూర్యాపేట పోయిండు, అడగనీకి. "ఓ పెద్దన్నా, నువ్వు తియ్యకపోతివా, అడిగేదేముంది!" అని ఆయన మంచం మీదనే నెత్తి పట్టుకున్నడంట. మర్లి వచ్చేసరికి వంతు దాటిపోయింది. కాలువ ఖాళీ. ఆ మూల పైరు మాడిపోయింది. నీళ్లు పక్కనుంచే పోయినా పొలం ఎండింది. అది కూడ తన లెక్కలనే వేసుకున్నడు. మా ఊరు నీళ్లు పంచే మంచి నీరుగట్టును పోగొట్టుకుంది. దానికి మేం నవ్వినం. ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే రోతగ ఉంది.

ఆయన పోయే ముందు ఒకసారి చూడపోయిన. వసారాల మంచం మీద ఉన్నడు. ఇంటి వెనకనే వాళ్ల పొలం. కాలువల నీళ్లొస్తున్నయి, వరి వాడిపోయి ఉంది. కొడుకు యూరియా కోసం కోదాడ పోయిండు. ఆయన చూపంతా పొలం మీదనే.

"మడవ తియ్యనా పెద్దనాయినా?" అన్న.

"నీ తమ్ముడు రానియ్యి. పొలం వాని పేరున చేసిన."

"వాడొచ్చేసరికి వంతు పోతది. నీ పొలమే కదా!"

ఒకసారి కాలువ దిక్కు చూసిండు. తర్వాత శానా మెల్లగ, "తియ్యి మరి" అన్నడు.

చెప్పులిడిచి, చీర దోపుకొని గెట్టు మీదికి పోయిన. చేతులతోనే మట్టి తీసిన. నీళ్లు గలగల లోపలికి దూకినయి. ఎండిన నేల వాటిని తాగుతుంటే నాకే పాణం లేచొచ్చింది. ఆయన కూడ సంబరపడ్తడని వెనక్కి తిరిగి చూసిన.

పెద్దనాయిన నీళ్ల దిక్కు చూస్తలేడు. మోచేతి మీద లేచి, ఎవలన్న ఉరికొస్తున్నరేమోనని బాట దిక్కు చూస్తుండు.