ముగ్గురినీ మెప్పించే పార్కు

ఆ వేసవిలో మా ఇంట్లో అందరూ ఒప్పుకున్న మాట ఒక్కటే: ఎక్కడికైనా పోవాలి. ఎక్కడికి అనే దగ్గరే తగువు మొదలైంది.

మాకు ముగ్గురు పిల్లలు. పెద్దోడికి పదహారేళ్లు, హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. నడిపిది ఆడపిల్ల, అప్పుడే ఎనిమిదో తరగతి పూర్తి చేసింది. చిన్నోడికి ఐదేళ్లు. నేను పెద్దవంగర మండలంలో ఒక ఊరి ఆరోగ్య సబ్ సెంటర్‌లో ఏఎన్‌ఎంగా చేస్తున్నాను. మా ఆయన భూపాలపల్లిలో బొగ్గు గని మీద డంపర్ నడుపుతాడు. అక్కడే గది తీసుకొని ఉంటాడు. వారానికోసారి ఇంటికి వస్తాడు కానీ ఆ ఒక్క రోజులో సగం నిద్రకే పోతుంది. ఐదుగురం ఒక చోట కూర్చొని అన్నం తిన్న రోజులు తక్కువ. అందుకే పోదామన్నప్పుడు నేను కాదనలేదు. కానీ ఎండాకాలం మాకు పని ఎక్కువ. ఊళ్లో ఎండదెబ్బ కేసులు, బాలింతల ఇళ్లకు తిరగడం, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచడం. సాయంత్రానికి చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు. ఆ ఓపిక లేనితనంలోనే ఈ ప్రయాణం లెక్కలన్నీ నా నెత్తిన పడ్డాయి.

హైదరాబాదు అవతల ఉన్న పెద్ద పార్కు పేరు ముందు ఎత్తింది పెద్దోడు. ఫోనులో రోలర్ కోస్టర్ వీడియో తీసి నా ముఖం ముందు పెట్టాడు.

"అమ్మా, గిది చూడు. గీడికచ్చినంక తలకిందులైతది. మా హాస్టల్ల అందరు ఎక్కిన్రు, నేనొక్కణ్నే ఎక్కలే."

"చిన్నోణ్ని ఎక్కనిస్తరా దాని మీద?"

"వాణ్నెందుకు తీస్కపోవుడు? వాడు చిన్నమ్మ కాడ ఉంటడు తియ్."

చిన్నోడు పక్క గదిలో నుంచి విన్నాడు. ఇక ఏడుపు. వాడికి కావాల్సింది అదే ఫోనులో వాడు చూసిన బుజ్జి రైలు. ఎర్ర డబ్బాలు, ముందు ఏనుగు మొహం. ఆ రైలు చూసి పెద్దోడు నవ్వాడు. నవ్వినందుకు చిన్నోడు వాడి చెయ్యి కొరికాడు. ఆ రాత్రి ఇద్దరికీ అన్నం వేరువేరుగా పెట్టాను.

మర్నాడు ఫోనులో మా ఆయనకు చెబితే ఆయన తేల్చేశాడు. "పోతే అందరం పోవాలె. ఒకణ్ని ఇడిసిపెట్టి పోతే గదేం పోవుడు?" చెప్పడం తేలికే. అందరికీ నచ్చేలా రోజును కుదర్చడం ఎట్లాగో మాత్రం చెప్పలేదు.

పెద్ద ఆటలకు ఎత్తు చూస్తారని తెలిసి, చిన్నోణ్ని సబ్ సెంటర్‌కు తీసుకుపోయి పిల్లలను కొలిచే బోర్డుకు ఆనించి నిలబెట్టాను. వాడు మునివేళ్ల మీద లేచాడు. మడమలు నొక్కి పట్టుకొని మళ్లీ చూశాను. చాలా తక్కువ ఉన్నాడు. "ఎక్కనిస్తరా?" అన్నాడు. "రైలు ఎక్కనిస్తరు," అన్నాను. అదే చాలు అన్నట్టు దూకుతూ పోయాడు.

తర్వాత నడిపిదాన్ని అడిగాను. అది గిన్నెలు తోముతోంది.

"నీకేం కావాలె బిడ్డా అక్కడ?"

"నాకేదైన మంచిదే అమ్మా."

ఇంట్లో ఒక్కరైనా అలా అన్నందుకు ప్రాణం లేచొచ్చింది. మళ్లీ అడగలేదు. బిందె మోసుకుంటూ, స్కూటీ మీద ఊళ్లు తిరుగుతూ, టీకాల రోజు తల్లుల మధ్య కూర్చొని నేను లెక్క కుదుర్చుకున్నాను. పొద్దున అందరం నీళ్లలోకి. ఎండ ముదిరాక రెండు జట్లు. మా ఆయన పెద్దపిల్లలిద్దరినీ తీసుకొని పెద్ద ఆటలకు పోతాడు, నేను చిన్నోడితో రైలు దగ్గర ఉంటాను. సాయంత్రం మళ్లీ కలుసుకుంటాం. పెద్దోడు మొహం ముడిచినా ఒప్పుకున్నాడు.

తీరా చూస్తే మా ఆయనకు సెలవు దొరకలేదు. వారపు సెలవు ఒక్కటే ఉంది, దాని ముందురోజు రెండో షిఫ్టు. "షిఫ్టు దిగి అటే బస్సెక్కుత. పొద్దుగల్ల ఉప్పల్‌ల ఉంట," అన్నాడు. వద్దనాలనిపించింది. కానీ ఆయన లేకపోతే నా రెండు జట్ల లెక్క నిలవదు.

మేము నలుగురం ముందురోజే బయలుదేరాం. జనగామ దాకా బస్సులో నిలబడే పోయాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆధార్ కార్డులు చూపించి నేనూ నడిపిదీ టికెట్టు లేకుండా పోతుంటే, టికెట్టు కొనాల్సి వచ్చినందుకు పెద్దోడు దారంతా గొణిగాడు. జనగామ స్టేషన్లో రైలు ఆలస్యం. రేకుల కింద గాలి కూడా వేడిగా ఉంది. చిన్నోడు నా ఒళ్లో, సంచి నడిపిదాని ఒళ్లో, పెద్దోడు చెవుల్లో పాటలు పెట్టుకొని దూరంగా. మా చెల్లె ఇల్లు ఉప్పల్‌లో. చేరేసరికి నాకు మాట్లాడే ఓపిక లేదు.

పొద్దున మేము టీ తాగుతుంటే మా ఆయన వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. స్నానం చేసి వచ్చినా చెవుల మడతల్లో నల్లటి దుమ్ము అలాగే ఉంది. మా చెల్లె చూసి, "బావా, నువ్వు ఈడనే జర పండుకోరాదు, వాళ్లు పోయొస్తరు," అంది.

"పిల్లలకు మాటిచ్చిన," అన్నాడు ఆయన. టీ తాగి మాతో లేచాడు.

పార్కు గేటు దగ్గర సంచి విప్పించారు. బయటి తిండి లోపలికి పోనివ్వరట. పొద్దున్నే లేచి చెల్లె చేసిన పులిహోర డబ్బా నిండా ఉంది. పారేయడానికి చెయ్యి రాలేదు. గేటు పక్కన గోడ నీడలో కూర్చొని ఆకలి లేకపోయినా అందరం తిన్నాం. పెద్దోడు మాత్రం మాతో వచ్చినవాడు కానట్టు రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. మా ఆయన ముద్ద చేసి చెయ్యి చాపితే, "బాపూ, అందరు చూస్తున్నరు," అన్నాడు. ఆయన ఆ ముద్ద తానే తిన్నాడు.

నీళ్ల ఆటలకు నూలు బట్టలు పనికిరావన్నారు. నాకు వేరే బట్టలు లేవు. పోనీలే అనుకొని గట్టు మీద చెప్పులూ సంచులూ కాపలా కాస్తూ కూర్చున్నాను. పిల్లలు దిగారు. మా ఆయన నా పక్క బల్ల మీద నడుం వాల్చాడు.

"ఐదు నిమిషాలు. అటెంక నన్ను లేపు," అన్నాడు.

లేపలేదు. నోరు తెరుచుకొని, ఒక చెయ్యి కిందికి వేలాడేసి నిద్రపోతున్న మనిషిని ఏమని లేపను? పెద్దోడు తడి బట్టలతో వచ్చి చూశాడు. "గిందుకోసమా వచ్చింది?" అన్నాడు. నడిపిది తువ్వాలు తడిపి తండ్రి కళ్ల మీద వేసింది. ఎండ జరిగినప్పుడల్లా నేను సంచి జరిపి ఆయన మొహానికి నీడ పెడుతూ వచ్చాను.

అలా నా రెండు జట్ల లెక్క పోయింది. "మీరిద్దరు పోయి రాండ్రి," అని పెద్దపిల్లలను పంపించాను. వాళ్లు పరుగెత్తారు.

నేను చిన్నోణ్ని రైలెక్కించాను. దిగగానే మళ్లీ అన్నాడు. మళ్లీ ఎక్కాం. ఆ డబ్బాలో నా మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. మూడోసారి దిగేసరికి ఎలుగుబంటి వేషం వేసుకున్న మనిషొకాయన వచ్చి చెయ్యి చాపాడు. చిన్నోడు కెవ్వుమని నా మెడ పట్టుకున్నాడు. ఎంత చెప్పినా దిగలేదు. ఆ ఎండలో వాణ్ని ఎత్తుకొని మా ఆయన పడుకున్న చోటికి నడుస్తుంటే, దీనికా ఇన్నాళ్లు కొట్లాడింది అనిపించింది.

అక్కడికి చేరేసరికి పెద్దోడు బల్ల పక్కన నేల మీద కూర్చొని ఉన్నాడు. మొహం పాలిపోయింది. కక్కాడని నడిపిది చెప్పింది. నాడి చూశాను, ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చాను. ఊళ్లో పంచి పంచి విసుగొచ్చిన ప్యాకెట్టు ఇక్కడ కూడా విప్పాల్సి వచ్చింది. వాడు తల ఎత్తకుండా తాగాడు.

నడిపిది మాత్రం కూర్చోలేదు. జుట్టంతా రేగిపోయి ఉంది. దాని కళ్లు అలా మెరవడం నేను చూసి చాలా రోజులైంది.

"అమ్మా, నేను మల్లొకసారి ఎక్కుత."

"అన్న లేవనీ, పోదురు."

"నేను రాను," అన్నాడు పెద్దోడు నేలకేసి చూస్తూ.

"ఒక్కదాన్ని సుత ఎక్కనిస్తరు," అంది నడిపిది. జుట్టు వెనక్కి తోసుకొని, "పక్కన ఎవరన్న ఉంటే మంచిగుంటది," అంది.

అది నన్ను ఏదైనా అడగడం అరుదు. నా కాళ్లు లాగుతున్నాయి, నడుం పట్టేసింది. అయినా చిన్నోణ్ని మెడ మీద నుంచి విడదీసి పెద్దోడి ఒళ్లో పెట్టాను. "జర పట్టుకో," అన్నాను. వాడు తమ్ముణ్ని పొదివి పట్టుకున్నాడు.

వరుస పెద్దది. ఇనప కమ్మీల మధ్య మెల్లగా జరుగుతున్నాం. పైనుంచి జనం అరుపులు వస్తూ పోతున్నాయి. సగం దూరం వచ్చాక నడిపిది కమ్మీని గోటితో గీరుతూ అంది:

"అమ్మా, మా పీఈటీ సారు నన్ను స్పోర్ట్స్ హాస్టల్‌కు రాయమన్నడు. ఖోఖోల. సెలక్షన్‌కు పోవాలట."

"ఎప్పుడన్నడు?"

"పరీక్షల ముందు."

"మరి చెప్పకపోతివి?"

"నేను పోతే తమ్ముణ్ని ఎవరు చూస్తరు? నువ్వు ఊర్లు తిరుగుతవు. బాపు ఆడ ఉంటడు. అందుకే చెప్పలే."

వెనక వాళ్లు ముందుకు జరగమన్నారు. జరిగాం. పొద్దున చిన్నోణ్ని లేపేది అది. పళ్లు తోమించేది అది. బడికి పోతూ అంగన్‌వాడీలో దింపేది, వస్తూ తీసుకొచ్చేది అది. నేను రావడం ఆలస్యమైతే అన్నం వండి పెట్టేది కూడా అదే. అది లేని ఇల్లు ఎట్లా నడుస్తుందో ఊహించబోయాను, ఊహ సాగలేదు.

"నీకు పోవాలని ఉన్నదా?" అని మాత్రం అడిగాను.

"మస్తున్నది," అంది.

ఇంతలో మా వంతు వచ్చింది. కూర్చోబెట్టి, భుజాల మీది నుంచి బరువైన కమ్మీ దించి బిగించారు. కదలడానికి లేదు. బండి మెల్లగా పైకి ఎక్కుతోంది. చేతుల్లో సంచి లేదు, ఒళ్లో పిల్లాడు లేడు. ఫోను కూడా కిందే ఉండిపోయింది. ఎవరికేం కావాలన్నా ఇప్పుడు నేను చేయగలిగింది లేదు. భయం వేయాల్సిన చోట నాకు ఒక్కసారిగా ఒళ్లంతా వదులైంది. కళ్లు మూసుకున్నాను. బండి దభాలున కిందికి పడింది. పక్కన నడిపిది గొంతు పగిలేలా అరుస్తోంది. అది ఇంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు. నేను అరవలేదు. కళ్ల వెంట నీళ్లు వచ్చాయి, గాలికి అటే కొట్టుకుపోయాయి.

దిగాక కళ్లు తుడుచుకున్నాను. అది నా చెయ్యి పట్టుకుంది.

"భయమయిందా అమ్మా?"

"లేదు," అన్నాను. కొంచెం దూరం నడిచాక, "సారును అడుగు, సెలక్షన్ ఎన్నడో. నేను తీస్కపోత," అన్నాను. అది నా మొహంలోకి చూసింది. నిజమేనా అని అడగలేదు. చెయ్యి మాత్రం గట్టిగా నొక్కింది.

తిరిగి వచ్చేసరికి మా ఆయన లేచి కూర్చున్నాడు. పెద్దోడూ చిన్నోడూ కనిపించలేదు. రైలు దగ్గరికి పోయి చూస్తే, ఎర్ర డబ్బాలో పెద్దోడు కాళ్లు ముడుచుకొని కూర్చున్నాడు, వాడి ఒళ్లో చిన్నోడు. చిన్నోడు మాకు చెయ్యి ఊపాడు. పెద్దోడు మొహం తిప్పుకున్నాడు కానీ దిగలేదు.

సాయంత్రం ఉప్పల్‌లో మా ఆయనను బస్సెక్కించాను. మర్నాడు మొదటి షిఫ్టుకే ఎక్కాలి. బస్సు వచ్చేలోపు నడిపిదాని సంగతి చెప్పాను. ఆయన భుజానికున్న సంచి దించి కింద పెట్టాడు.

"నువ్వొక్కదానివి ఎట్ల చేస్తవే?" అన్నాడు.

"ఎట్లనో చేస్త."

"నేను గిన్నిరోజుల తర్వాత వచ్చి పండుకుంటి," అన్నాడు.

"పండుకోక ఏం జేస్తవు," అన్నాను. బస్సు వచ్చింది.

పార్కు ఎలా ఉందని తర్వాత అందరూ అడిగారు. చిన్నోడు రైలు గురించి చెప్పాడు. పెద్దోడు తలకిందులైన సంగతి చెప్పాడు, కక్కిన సంగతి దాచాడు. నాకైతే ముగ్గురూ ఒకేసారి సంతోషపడిన నిమిషం ఒక్కటీ గుర్తు లేదు. ఒకరు నవ్వుతుంటే ఇంకొకరు అలిగే ఉన్నారు.

సెలక్షన్‌లో నడిపిది ఎంపికైంది. బడులు తెరిచాక ట్రంకు పెట్టె, పరుపు, బకెట్టు పట్టుకొని హాస్టల్లో దింపి వచ్చాను. ఇంకో ఆడపిల్లతో మాట్లాడుతూ అది లోపలికి పోయింది, గుమ్మం దగ్గర ఒకసారి తిరిగి చూసింది.

మర్నాడు చిన్నోణ్ని నేనే లేపాను. వాడు అక్క ఏదని అడిగి, జవాబు విని, మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు. ఎత్తుకొని పోయి మొహం కడిగాను. ఆ రోజు టీకాల రోజు. మందుల పెట్టె భుజానికి తగిలించుకొని, తాళం వేసి, నిద్ర తీరని పిల్లాణ్ని స్కూటీ ముందు నిలబెట్టుకొని అంగన్‌వాడీ వైపు బయలుదేరాను.