తెల్ల పడవలో దీవి చుట్టూ

మా నాన్న రంగూన్‌లో ఒక గ్రీకు దొర దగ్గర పడవ నడిపేవాడు. దొరది బియ్యం ఎగుమతి వ్యాపారం. ఆఫీసు చౌక్తడాలో ఉండేది, ఇల్లు తామ్వే వైపు చెరువు ఒడ్డున. వ్యాపారానికి కాదు, తన సరదా కోసం కొనుక్కున్నాడు ఆ పడవని. రెండు తెరచాప కొయ్యలు, వెనక చిన్న ఇంజను, లోపల పడుకోవడానికి రెండు గదులు. దొర దాన్ని యాట్ అనేవాడు. మా ఇంట్లో దానికి తెల్ల పడవ అని పేరు.

దొరకి తీరిక దొరికేది తక్కువ. ఎప్పుడైనా ఆదివారం నదిలో కాసేపు తిరిగి వచ్చేవాడు. మిగతా రోజుల్లో నాన్న ఆ పడవని కడిగి, తుడిచి, రంగులు వేస్తూ ఉండేవాడు. సముద్రం మీద పుట్టి పెరిగిన మనిషికి ఏటి ఒడ్డున కట్టేసిన పడవని కాపలా కాయడం ఎలా ఉండేదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

అమ్మ మాత్రం చెప్పేది. ఆమె భీమిలి దగ్గర జాలరిపేటలో పుట్టింది. ఆ రోజుల్లో మావాళ్ళలో మగవాళ్ళే రంగం, అంటే రంగూన్, వచ్చేవారు, ఆడవాళ్ళు ఊళ్ళో ఉండిపోయేవారు. అమ్మ ఉండనంది. పెళ్ళయిన కొత్తలోనే నాన్న వెంట ఓడెక్కేసింది. ఓడ రంగూన్ చేరే రోజు పొద్దున్నే పైకి వచ్చి చూస్తే రెండు వైపులా చెట్లు, మధ్యన మట్టి నీళ్ళు.

“మావా, సంద్రం ఏటయిపోనాది?” అని అడిగిందట.

“ఎనకనే ఉండిపోనాదే. ఇది ఏరు.”

“మరి ఊరు సంద్రం మీదుందన్నావు?”

“ఓడలొస్తాయన్నాను గానీ సంద్రముందన్నానేటి?”

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాన్న నవ్వేవాడు, అమ్మ నవ్వేది కాదు. నేను రంగూన్‌లోనే పుట్టాను. లత అనే పేటలో, చీనా వడ్రంగుల దుకాణం మీద మా గది. సాయంత్రాలు అమ్మ నన్ను ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళేది. పోటు వచ్చే వేళ వంగి నీళ్ళు పుడిసిట్లోకి తీసుకుని నాలుక మీద వేసుకునేది. “సప్పగున్నాది” అని పారబోసేది. సముద్రం అంత దూరం ఎక్కి రాదని ఆమెకి తెలుసు. అయినా చూసేది.

నాకు పదేళ్ళు వచ్చిన ఏడు దొర తన దేశం వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చాడు. ఆ కొత్త దొరసాని వానాకాలం మొదట్లో దిగింది. రంగూన్ వాన సంగతి తెలియని మనిషికి అది ఎంత భయంగా ఉంటుందో ఊహించుకోవచ్చు. వాన ఆగదు, బట్టలు ఆరవు, గోడలకి బూజు పడుతుంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, బర్మా మాట రాదు. తోటి దొరసానులు ఒకసారి వచ్చి చూసి మళ్ళీ రాలేదు. ఆమె గది తలుపులు వేసుకుని, కూడు మానేసి పడుకుంది. పనిలో పెట్టిన ఆయా భయపడి వెళ్ళిపోయింది. అప్పుడు నాన్న, తన ఇంటి మనిషిని తెస్తానని దొరతో చెప్పాడు.

అలా అమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టింది. నన్ను వదిలి వెళ్ళే చోటు లేదు కాబట్టి నన్నూ తీసుకెళ్ళేది.

మొదటి రోజులు దొరసాని మమ్మల్ని చూసేది కూడా కాదు. గోడ వైపు తిరిగి పడుకునేది. ఆమె జుట్టు నల్లగా, మా అమ్మ జుట్టులాగే ఒత్తుగా ఉండడం నాకు ఆశ్చర్యంగా ఉండేది. దొరసానుల జుట్టు పచ్చగా ఉంటుందనుకునేదాన్ని. అమ్మ ఆమె పక్కన కూర్చుని చిక్కులు తీస్తూ తెలుగులోనే మాట్లాడేది. “తినమ్మా, తినకపోతే ఎలగ? నీకూ అమ్మ ఉంటాది కదేటి, ఆవిడేటనుకుంటాది?” ఆమె వినేదో లేదో.

ఒక మధ్యాహ్నం వెనక వరండాలో మేం అన్నం తింటున్నాం. అమ్మ ఎండు చేపలు నిప్పుల మీద కాల్చి తెచ్చింది. ఇల్లంతా వాసన. వంటవాడు ముక్కు మూసుకుని, దొరగారికి తెలిస్తే ఊరుకోరని గొణుగుతున్నాడు. అంతలో లోపలి తలుపు తెరుచుకుంది. దొరసాని, చెప్పులు లేకుండా, పడుకునే గౌనుతోనే వచ్చి మా ముందు నిలబడింది. అమ్మ గబుక్కున లేచింది. ఆమె అమ్మ భుజం పట్టి కూర్చోబెట్టి, తనూ నేల మీద కూర్చుని, అమ్మ ఆకులోంచి ఒక చేప తీసుకుంది. తల విరిచి పక్కన పెట్టి, ముల్లు లాగి తిన్న తీరు చూసి అమ్మ తెల్లబోయింది. మా పేటలో పిల్లలు అలాగే తింటారు. రెండో చేప తింటుండగా ఆమెకి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే తింది.

సాయంత్రం దొరకి ఈ సంగతి తెలిసి, కోప్పడతాడనుకుంటే, గుమ్మంలోనే కూలబడి నవ్వాడు. తమ ఊరు సముద్రం మధ్య ఒక దీవి అని, అక్కడ ఇళ్ళ ముందు తాళ్ళ మీద చేపలు ఆరబెడతారని నాన్నతో చెప్పాడట. వచ్చీరాని హిందుస్తానీలో ఇంకో మాట కూడా చెప్పాడు. వేసవిలో అక్కడివాళ్ళు పొద్దున్నే పడవ ఎక్కి దీవి చుట్టూ ఒక చుట్టు తిరుగుతారు. నచ్చిన చోట ఆగి ఈత కొడతారు, పుచ్చకాయ కోసుకు తింటారు, పొద్దు వాలే వేళకి ఇల్లు చేరతారు. పెళ్ళి తొందరలో తను ఆమెని అలా తిప్పలేదు. ఇక్కడ అలాంటి దీవి ఏదైనా ఉందా అని అడిగాడు.

“ఏరు దాటి పడమరకెల్తే తాబేళ్ళ దిబ్బని ఓ దీవుంది బాబూ,” అన్నాడు నాన్న. “దూరం. సలికాలంలో అయితే ఎల్లొచ్చు.”

చలికాలం వచ్చింది. దొర ఆఫీసు పని గుమాస్తాలకి అప్పగించాడు. బయలుదేరింది మేం ముగ్గురం, వాళ్ళిద్దరు, వంటవాడు. ఆ ప్రయాణం గురించి విన్నప్పటి నుంచి అమ్మ రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది. బయలుదేరే రోజు తెల్లారకముందే నన్ను లేపి నూనె రాసి తలదువ్వింది.

ఆటుతో పాటు పడవ దిగువకి సాగింది. ఎడమ పక్క సిరియంలో కిరసనాయిలు తీసే ఫ్యాక్టరీల పొగగొట్టాలు, కుడి పక్క వరి కోతలు. మధ్యాహ్నానికి ఒడ్డులు దూరమైపోయాయి. పడవ మెల్లగా లేచి దిగడం మొదలుపెట్టింది. అమ్మ లేచి నిలబడింది. దొరసాని కూడా లేచింది. ఇద్దరూ ముందుకి వెళ్ళి తాడు పట్టుకుని నిలబడ్డారు. కానీ నీళ్ళు ఇంకా మట్టి రంగే. ఎంత దూరం చూసినా అదే రంగు. దొరసాని మొగుడి వైపు తిరిగి ఏదో అడిగింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది.

ఆపైన పగళ్ళు ఒడ్డు వెంటే నడిచి, రాత్రిళ్ళు ఏదో ఒక ఏటి మొగలో లంగరు వేసుకుంటూ వెళ్ళాం. ఒక పొద్దున నాన్న చుక్కాని దగ్గర నుంచి “ఓలే, ఇలా రా!” అని కేక పెట్టాడు. మేం పైకి వచ్చి చూశాం. గీత గీసినట్టుగా మట్టి నీళ్ళు ఒకచోట ఆగిపోయాయి. దాని అవతల ఆకుపచ్చ, ఇంకా అవతల నీలం. పడవ ఆ గీత దాటింది. అమ్మ బొక్కెన తాడు కట్టి దింపి, నీళ్ళు పైకి లాగి, దోసిట్లో తీసుకుని నోట్లో వేసుకుంది. తర్వాత నా నోట్లో పోసింది. నేను ఉమ్మేశాను. అమ్మ ఫక్కున నవ్వింది.

దొరసాని పక్కకి వచ్చి వేలితో చూపించి, “థాలసా” అంది.

“సంద్రం,” అంది అమ్మ.

“సంద్రం,” అంది ఆమె కూడా, జాగ్రత్తగా.

దీవి చిన్నదే. తూర్పు పక్క చెట్లు, పడమటి పక్క రాళ్ళు, మధ్య మధ్య తెల్లని ఇసుక. దొర కోరినట్టే నాన్న దాన్ని ఒడ్డుకి దగ్గరగా చుట్టాడు. దొర తెరచాప తాడు తనే పట్టుకుని పాట అందుకున్నాడు. ఆమె మెల్లగా గొంతు కలిపింది. పడమటి పక్కన గాలి తగలని ఒక మూల లంగరు వేసి, చిన్న పడవలో ఇసుక మీదికి దిగాం. బర్మా పుచ్చకాయ ఒకటి కోశాడు దొర. ఆమె రెండు ముక్కలు తిని, చేతులు కడుక్కోవడానికి నీళ్ళలోకి వెళ్ళింది. మోకాలి లోతు, నడుము లోతు. తర్వాత ఈత మొదలుపెట్టింది. దొర చప్పట్లు కొట్టాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. నెమ్మదిగా, అలసట లేకుండా, ఒకే దిక్కుగా పోతూనే ఉంది. దొర చప్పట్లు ఆపాడు. పేరు పెట్టి పిలిచాడు. గొంతు పగిలేలా పిలిచాడు. ఆయనకి కాలు సరిగ్గా ఉండదు, ఏదో యుద్ధంలో దెబ్బ తగిలిందట, ఈదలేడు. నాన్న చిన్న పడవ వైపు పరిగెత్తాడు. ఈలోగా అమ్మ చీర గోచీ బిగించి నీళ్ళలో పడింది.

అమ్మకి ఈత వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. గదిలో, మెట్ల మీద, దొర ఇంట్లో తల వంచుకుని తిరిగే మనిషి ఆమె. ఆ రోజు నీళ్ళని చీల్చుకుంటూ పోయింది. రెండు నల్లని తలలు దూరంగా, చుక్కల్లా కనిపించాయి. తర్వాత అవి రెండూ పక్కపక్కన చేరి ఆగిపోయాయి. ఎంతసేపో అలా ఉండిపోయాయి. నేను ఇసుక మీద నిలబడి “అమ్మా!” అని అరిచాను. ఆఖరికి రెండు తలలూ ఒడ్డు వైపు తిరిగాయి.

నాన్న పడవ ఎదురు వెళ్ళినా వాళ్ళు ఎక్కలేదు. ఈదుకుంటూనే వచ్చారు. దొరసాని ఇసుక మీద వెల్లకిలా పడుకుంది. ముఖం తేటగా ఉంది, చాలా రోజుల తర్వాత నిద్రపోయి లేచిన మనిషిలా. దొర ఆమె పక్కన కూర్చుని, జుట్టులోంచి ఇసుక దులుపుతూ ఉన్నాడు.

నాన్న ఊరుకోలేదు. పడవ తిరుగు దారి పట్టాక అమ్మని నిలదీశాడు.

“అంత దూరమెందుకెల్లావే? నీకేటైనా అయితే ఈ గుంటతోటి నానేటి సేతును?”

“అమ్మగారిని తేవద్దేటి?”

“తేవడానికెల్లినదానివి అక్కడ ఆగిపోనావెందుకు?”

అమ్మ తడి చీర కొంగు పిండుతూ కూర్చుంది.

“మన ఊరు అటు పక్కని సేత్తో సూపించాను. తన ఊరూ అటే అన్నట్టు ఆవిడా అటే సూపించినాది. ఇద్దరిదీ ఒకటే పక్క,” అంది. “ఎనక్కి రాబుద్ధి కానేదు మావా. గుంట కేకేసింది, ఒచ్చీసినాను.”

నాన్న చుక్కాని మీద చెయ్యి వేసి నీళ్ళ వైపు చూస్తూ ఉండిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. నాకు కోపం వచ్చింది అమ్మ మీద. ఇప్పుడు ఆ వయసు అమ్మకంటే నా మనవరాలే పెద్దది, కోపం ఎప్పుడో పోయింది. ఆ మధ్యాహ్నం ఆ నీళ్ళలో అమ్మ ఎలా ఉందో దగ్గర నుంచి ఒక్కసారి చూడాలని మాత్రం ఉంది. ఆమెని అలా చూసినది ఆ దొరసాని ఒక్కతే.

ఎండలు ముదరకముందే దొర ఆమెని ఓడెక్కించి పుట్టింటికి పంపేశాడు. పోట్లాడుకుని కాదు. రేవు దగ్గర ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుని వదలలేదు. అమ్మని కూడా తనతో రమ్మని సైగ చేసింది. అమ్మ నన్ను ముందుకి తోసి చూపించింది. ఆమె నా నెత్తి మీద ముద్దు పెట్టి మెట్లెక్కింది. మరుసటి ఏడు దొర వ్యాపారం వేరేవాళ్ళకి అప్పగించి తనూ వెళ్ళిపోయాడు. తెల్ల పడవని ఒక బియ్యం మిల్లు యజమాని కొన్నాడు. నాన్న డలా రేవు మీద మనుషుల్ని దాటించే లాంచీలో కుదిరాడు.

లాంచీలో చేరే ముందే మా ఇద్దరికీ భీమిలి ఓడకి టిక్కెట్లు తెచ్చాడు.

“మరి నువ్వు?” అంది అమ్మ.

“నానెలగొస్తాను, కొత్త పని కదా. నువ్వెల్లి మీవోళ్ళని సూసుకో. ఉండబుద్ధయితే ఉండిపో. నానేటనుకోను.”

మేం వెళ్ళాం. అమ్మమ్మ అప్పటికే పోయింది, ఆ కబురు మాకు అందలేదు. పేట సగం అలలు తినేశాయి. అమ్మ పొద్దస్తమానం నీళ్ళ ఒడ్డునే ఉండేది. మొదటి నెల నవ్వుతూ తిరిగింది. తర్వాత మెల్లగా మాటలు తగ్గాయి. ఒక రోజు పిన్ని వడ్డిస్తుంటే, “మా సందు మొగన బర్మా ఆవిడ సేపల పులుసులో సేమ్యాలేసి అమ్ముతాది, ఎంత బావుంటాదో,” అంది ఎవరూ అడక్కుండానే. ఇంకో రోజు, “ఆయన కూడెవరొండుతున్నారో” అంది. అమ్మ తమ్ముడు చిన్నమామయ్య ఎగతాళి చేశాడు, “ఇక్కడుంటే రంగం, రంగంలో ఉంటే ఇక్కడ. నీకేటి గావాలప్పా?” అమ్మ నవ్వేసింది. ఏం కావాలో ఆమెకీ తెలియదనుకుంటాను.

వానలు పడక ముందు మళ్ళీ ఓడెక్కాం. రంగూన్ రేవులో నాన్న జనంలో తోసుకుంటూ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. బుగ్గలు పీక్కుపోయాయి.

“ఇలా సిక్కిపోనావేటి మావా?” అంది అమ్మ.

“రావేమో అనుకున్నానే,” అన్నాడు నాన్న.

అమ్మ మూట ఆయన చేతికిచ్చి, నా చెయ్యి పట్టుకుని, లతకి దారి తెలిసినదానిలా ముందు నడిచింది.